వజీరిస్థాన్ కొండల్లో డాలర్లు: తుపాకి ముందు వచ్చింది, చట్టం తరువాత

2001 తరువాత చాలా ఏళ్ల పాటు ఇస్లామాబాద్ నుంచి వాషింగ్టన్‌కు క్రమం తప్పకుండా బిల్లులు వెళ్లేవి. అఫ్గాన్ సరిహద్దులో మోహరించిన సైనికుల తిండి, లారీల డీజిల్, హెలికాప్టర్ల మరమ్మతులు, వాడిన మందుగుండు, నౌకాదళం గస్తీ ఖర్చు అన్నీ వాటిలో ఉండేవి. ఇస్లామాబాద్‌లోని అమెరికా రాయబార కార్యాలయంలో పనిచేసే సైనికాధికారులు ముందుగా వాటిని చూసేవారు. అక్కడి నుంచి అవి అమెరికా సెంట్రల్ కమాండ్‌కు, ఆపైన పెంటగాన్ ఆర్థిక విభాగానికి చేరేవి. ఆమోదం పడ్డాక డబ్బు పాకిస్థాన్ ఖజానాలో జమయ్యేది.

ఈ ఏర్పాటు పేరు కోయెలిషన్ సపోర్ట్ ఫండ్స్. వాడుకలో అందరం దీన్ని సైనిక సహాయం అంటాం గానీ, కాగితం మీద ఇది సహాయం కాదు. అల్ ఖైదా, తాలిబన్లపై సాగిన ఉమ్మడి యుద్ధంలో పాకిస్థాన్ పెట్టిన ఖర్చును అమెరికా తిరిగి చెల్లించడం. పాకిస్థాన్ పాలకులు ఈ తేడాను పదే పదే గుర్తుచేసేవారు. వారి దృష్టిలో అది ఆత్మగౌరవానికి సంబంధించిన విషయం. ఆచరణలో మాత్రం దాని ఫలితం ఇంకోలా ఉంది. సహాయం ఇచ్చేవాడు షరతులు పెట్టగలడు, ఎవరి బతుకు ఎంత మారిందని అడగగలడు. బిల్లు కట్టేవాడు అడగగలిగేది రసీదులే.

ఆ రసీదులైనా సరిగా ఉన్నాయా? అమెరికా ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే సంస్థ జీఏఓ 2008 జూన్‌లో వాటిని తిరగేసింది. అప్పటికి ఈ పద్దు కింద 556 కోట్ల డాలర్లు చెల్లించారు. సైన్యం రోడ్లు వేసిందని 3 కోట్ల డాలర్లకు పైగా, బంకర్లు కట్టిందని కోటిన్నర డాలర్లు ఇచ్చారు. ఆ రోడ్లు, బంకర్లు నిజంగా కట్టినట్టు ఆధారాలు లేవు. వైమానిక రక్షణ రాడార్ల నిర్వహణకు 20 కోట్ల డాలర్లకు పైగా పోయాయి. కొండల్లో దాక్కున్న సాయుధుల దగ్గర ఒక్క విమానం కూడా లేని యుద్ధం అది.

అదే ఏడాది ఏప్రిల్‌లో జీఏఓ ఇచ్చిన మరో నివేదిక ఇంతకంటే ముఖ్యమైనది. 2002 నుంచి 2007 వరకు పాకిస్థాన్‌కు అమెరికా సుమారు 1,050 కోట్ల డాలర్లు ఇచ్చింది. అందులో 580 కోట్లు అఫ్గానిస్థాన్‌ను ఆనుకున్న గిరిజన ప్రాంతాల కోసం, సరిహద్దు కోసం. ఆ 580 కోట్లలో దాదాపు 96 శాతం సైన్యం ఖర్చును తిరిగి చెల్లించడానికే సరిపోయింది. సరిహద్దు భద్రతకు 3 శాతం వెళ్లింది. బడి, ఆసుపత్రి, రోడ్డు, తాగునీరు వంటి అభివృద్ధికి మిగిలింది ఒక్క శాతం.

ఆ ఒక్క శాతాన్ని దాటి ముందుకు వెళ్లడం నాకు కష్టం. తిరుగుబాటును అణచడం గురించి రాసే సైనిక పుస్తకాలన్నీ ప్రజలను గెలుచుకోవడమే అసలు యుద్ధమని చెబుతాయి. ఆ సూత్రాన్ని అధికారికంగా ఒప్పుకున్న దేశమే నూటికి తొంభై ఆరు పాళ్లు తుపాకి ఖర్చుకు ఎందుకు పెట్టింది? అక్కడి ప్రజలకు దానివల్ల ఏమి మిగిలింది? ఈ రెండు ప్రశ్నలకు జవాబు కావాలంటే ముందు ఆ నేల ఎలాంటిదో తెలియాలి.

ఏజెన్సీ అనే పాత మాట

తెలుగువారికి ఏజెన్సీ అన్న మాట పరాయిది కాదు. 1839లో తెచ్చిన ఒక చట్టంతో గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి, కలెక్టరును గవర్నరుకు ఏజెంటుగా నియమించారు. మన మన్యానికి ఏజెన్సీ అన్న పేరు అలా స్థిరపడింది. వాయవ్య సరిహద్దులోనూ బ్రిటిష్ వారు ఇదే పద్ధతి వాడారు. అక్కడ ఆ అధికారి పొలిటికల్ ఏజెంటు. బాజౌర్, మొహ్మంద్, ఖైబర్, ఓరక్‌జాయ్, కుర్రం, ఉత్తర వజీరిస్థాన్, దక్షిణ వజీరిస్థాన్ అని చివరికి మొత్తం ఏడు ఏజెన్సీలయ్యాయి. వీటిని, వీటి అంచున ఉన్న చిన్న సరిహద్దు ప్రాంతాలను కలిపి ఫాటా, అంటే కేంద్ర పాలనలోని గిరిజన ప్రాంతాలు, అనేవారు. వైశాల్యం 27,220 చదరపు కిలోమీటర్లు. 2017 లెక్కల ప్రకారం జనాభా సుమారు 50 లక్షలు.

స్వాతంత్ర్యం వచ్చాక దారులు వేరయ్యాయి. మన ఏజెన్సీ రాజ్యాంగంలోని అయిదో షెడ్యూలు కిందికి వచ్చింది. భూముల అన్యాక్రాంతం, అణచివేత ఇక్కడా తక్కువేమీ కాదు. అయినా మన్యం మనిషికి ఓటు ఉంది, హైకోర్టుకు వెళ్లే దారి ఉంది. సరిహద్దుకు అవతల మాత్రం 1901 నాటి ఫ్రాంటియర్ క్రైమ్స్ రెగ్యులేషన్ అనే బ్రిటిష్ సరిహద్దు చట్టం అలాగే నిలిచింది. పాకిస్థాన్ 1973 రాజ్యాంగంలోని 247వ అధికరణం హైకోర్టును, సుప్రీంకోర్టును ఆ ప్రాంతం గడప దగ్గరే ఆపేసింది. అక్కడి వయోజనులందరికీ ఓటు వచ్చింది 1997 ఎన్నికలతో. రాజకీయ పార్టీలు పనిచేయడానికి అనుమతి 2011లో.

ఆ చట్టం గురించి అక్కడివారు చెప్పుకొనే మూడు మాటలున్నాయి: వకీల్ లేదు, దలీల్ లేదు, అపీల్ లేదు. వకీలు, అప్పీలు మనకూ తెలిసిన మాటలే. దలీల్ అంటే వాదన, రుజువు. ఊరిలో ఒకడు నేరం చేసి పారిపోతే అతడి తెగ మొత్తాన్నీ బాధ్యుల్ని చేయవచ్చు. బంధువుల్ని జైల్లో పెట్టవచ్చు, దుకాణాలు మూయించవచ్చు, ఇళ్లు కూల్చవచ్చు. దీన్ని సమష్టి బాధ్యత అనేవారు. పొలిటికల్ ఏజెంటే పోలీసు, జడ్జి, పన్నుల అధికారి, ఖజానా పెట్టె తాళం చెవి కూడా అతడి చేతిలోనే. తెగ పెద్దలైన మలిక్‌లకు భత్యాలు పంచి, వారి ద్వారా అతడు పాలన నడిపేవాడు. రోడ్ల కాపలాకు ఒక్కో తెగ వంతుగా ఇచ్చే మనుషులను ఖాస్సాదార్లు అనేవారు. తగాదాలు తీర్చేది జిర్గా, అంటే పెద్దలు గుండ్రంగా కూర్చుని ఏకాభిప్రాయంతో తీర్పు చెప్పే సభ.

ఇక్కడ ఒక అపోహ తొలగాలి. గిరిజనులు అనగానే మన కళ్ల ముందు మెదిలే చిత్రం పష్తూన్ తెగలకు సరిపోదు. వజీర్లు, మెహ్సూద్‌లు, అఫ్రీదీలు భూమి ఉన్నవారు, ఆయుధం పట్టడం మర్యాదగా భావించేవారు, దుబాయి నుంచి కరాచీ దాకా వలస వెళ్లి లారీలు, వ్యాపారాలు నడుపుకొనేవారు. వంశావళే వారి సమాజానికి వెన్నెముక. మరో అపోహ మతం గురించి. ముస్లిం తెగల తిరుగుబాటు అనగానే ముల్లాయే మొదటి నుంచీ నాయకుడని అనుకుంటాం. వలస పాలన నాడు వజీరిస్థాన్‌లో ఇపీ ఫకీర్ వంటి మత నాయకులు బ్రిటిష్ వారిపై ఏళ్ల తరబడి పోరాడిన మాట నిజమే. కానీ రోజువారీ జీవితంలో ముల్లా స్థానం చిన్నది. భూమిలో వాటా లేనివాడు, ఊరివారు ఇచ్చినదానితో బతికేవాడు. జిర్గాలో మాట చెల్లేది మలిక్‌కు. ఈ వరస తారుమారు కావడంలో విదేశీ డబ్బుకు పెద్ద పాత్ర ఉంది.

మొదటి విడత

1979 చివరలో సోవియట్ సైన్యం అఫ్గానిస్థాన్‌లో దిగింది. దానితో పోరాడే ముజాహిదీన్‌కు ఆయుధాలు ఇవ్వాలని అమెరికా నిర్ణయించింది. డబ్బు అమెరికాది, దానికి సమానంగా సౌదీ అరేబియాది. పంపిణీ మొత్తం పాకిస్థాన్ గూఢచారి సంస్థ ఐఎస్ఐ చేతిలో. పెషావర్‌లో కొలువైన ఏడు అఫ్గాన్ పార్టీలకు ఎవరికెంత అన్నది అదే తేల్చేది. ఆయుధాల బళ్లు కుర్రం, వజీరిస్థాన్ దారుల మీదుగా సాగేవి. ఉత్తర వజీరిస్థాన్ ముఖ్యపట్టణం మిరాన్‌షా చుట్టుపక్కల శిబిరాలు, మదర్సాలు లేచాయి. పాకిస్థాన్‌కు విడిగా 1981లో 320 కోట్ల డాలర్ల సహాయం ప్రకటించారు.

ఆ పదేళ్లలో కొండ మీది యువకుడికి ఒక కొత్త దారి దొరికింది. మలిక్ ఇంట పుట్టకపోయినా, భూమి లేకపోయినా, కమాండర్ అయితే అతడి వెనుక మనుషులుంటారు, ట్రక్కులుంటాయి, డబ్బుంటుంది. ముల్లాకు మదర్సా వచ్చింది. మలిక్ చేతిలో మాత్రం పొలిటికల్ ఏజెంటు ఇచ్చే పాత భత్యమే ఉంది. సోవియట్ సైన్యం 1989 ఫిబ్రవరిలో వెళ్లిపోయింది. మరుసటి ఏడాదే అణు కార్యక్రమాన్ని కారణంగా చూపి, ప్రెస్లర్ సవరణ కింద అమెరికా సహాయం నిలిపేసింది. శిబిరాలు, కమాండర్లు, ఆయుధాలు అక్కడే ఉండిపోయాయి. చట్టం మాత్రం 1901 నాటిదే.

మాల, క్షిపణి

2001 డిసెంబరులో అఫ్గానిస్థాన్‌లోని తోరాబోరా కొండల నుంచి తప్పించుకున్న అల్ ఖైదా మనుషులు, ఉజ్బెక్ యోధులు దక్షిణ వజీరిస్థాన్‌లో తలదాచుకున్నారు. అమెరికా ఒత్తిడితో పాకిస్థాన్ సైన్యం, స్వాతంత్ర్యం తరువాత మొదటిసారిగా, ఈ ఏజెన్సీల లోపలికి పెద్ద ఎత్తున అడుగుపెట్టింది. 2004 మార్చిలో వానా సమీపంలోని కలోషాలో దెబ్బతింది. వెంటనే పాత సరిహద్దు చట్టాన్ని బయటకు తీశారు. తెగ బాధ్యత వహించాలంటూ వానా బజారును మూయించారు. దాని తరువాత ఏప్రిల్‌లో షకాయిలో ఒప్పందం కుదిరింది. పెషావర్ కోర్ కమాండర్ స్వయంగా వెళ్లి తిరుగుబాటు నాయకుడు నేక్ మహమ్మద్ మెడలో మాల వేశారు. జూన్‌లో అదే నేక్ మహమ్మద్ క్షిపణి దాడిలో చనిపోయాడు. పాకిస్థాన్ గడ్డపై అమెరికా జరిపిన మొదటి డ్రోన్ దాడి అదే.

ఆ మూడు నెలల్లో వజీర్ తెగ మనిషి చూసినది ఒకసారి ఊహించండి. ముందు సైన్యం వచ్చింది. తనది కాని నేరానికి తన దుకాణం మూతపడింది. తరువాత జనరల్ వచ్చి, మలిక్‌లను పక్కనబెట్టి, తుపాకి పట్టిన కుర్రవాడికి దండ వేశాడు. ఆ తరువాత ఆకాశం నుంచి క్షిపణి పడింది. ఇందులో రాజ్యం మాట ఏది? ఎవరి పక్కన నిలబడితే ప్రాణం దక్కుతుంది? తరువాతి కొన్నేళ్లలో వందలాది మలిక్‌లను గూఢచారులనే ముద్ర వేసి తాలిబన్లు చంపేశారు. వారిని కాపాడవలసిన ఖాస్సాదార్ల దగ్గర ఉన్నవి పాత తుపాకులు.

2005లో సరారోఘాలో తాలిబన్ నాయకుడు బైతుల్లా మెహ్సూద్‌తో, 2006లో మిరాన్‌షాలో ఉత్తర వజీరిస్థాన్ వారితో మళ్లీ ఒప్పందాలు జరిగాయి. 2007 ఆగస్టులో బైతుల్లా మనుషులు 200 మందికి పైగా సైనికులను ఒక్క తూటా పేలకుండా బందీలుగా పట్టుకున్నారు. అప్పటికి బిల్లులు అయిదేళ్లకు పైగా సాగుతున్నాయి. ఆ డిసెంబరులో పాకిస్థానీ తాలిబన్ల కూటమి తెహ్రీకే తాలిబన్ పాకిస్థాన్ పుట్టింది. 2008 జనవరిలో సైన్యం దక్షిణ వజీరిస్థాన్‌లోని స్పింకైకి వెళ్లి, అక్కడి బజారును బుల్‌డోజర్లతో నేలమట్టం చేసింది. సమష్టి శిక్ష అంటే ఇదే. ఆ బజారులో దుకాణం పెట్టుకున్నవారు ఎన్నేళ్ల గల్ఫ్ సంపాదనను ఆ గోడల్లో పోశారో ఏ బిల్లులోనూ కనిపించదు.

డబ్బు ఎందుకు ఆగలేదు

జీఏఓ అంత స్పష్టంగా చెప్పాక కూడా అమెరికా చెల్లింపులు ఎందుకు కొనసాగాయి? జవాబు ఖైబర్ కనుమలో ఉంది. అఫ్గానిస్థాన్‌కు సముద్రం లేదు. అక్కడి నాటో సైన్యానికి కావలసిన సరుకుల్లో పెద్ద భాగం కరాచీ రేవులో దిగి, లారీల్లో తోర్ఖం, చమన్ దారుల్లో వెళ్లేది. బిల్లు విషయంలో గట్టిగా నిలదీస్తే దారి మూతపడుతుందన్న భయం వాషింగ్టన్‌ను ఎప్పుడూ వెన్నాడింది. 2011 నవంబరులో సలాలా అనే సరిహద్దు పోస్టు వద్ద నాటో దాడిలో 24 మంది పాకిస్థాన్ సైనికులు చనిపోయినప్పుడు ఆ భయం నిజమైంది. ఆ దారి ఏడు నెలలకు పైగా మూతపడింది.

పాకిస్థాన్ వైపు లెక్క వేరు. ఆ సైన్యం తయారైంది తూర్పు సరిహద్దులో భారత్‌తో యుద్ధం కోసం. ట్యాంకులు, ఎఫ్-16 యుద్ధ విమానాలు, రాడార్లు దాని అవసరాలు. అమెరికా ఇచ్చిన సహాయంలో కొంత భారత్‌ను ఎదుర్కొనే సన్నాహాలకు మళ్లిందని అధ్యక్షుడిగా ఉన్న ముషారఫ్ పదవి దిగాక, 2009లో, స్వయంగా ఒప్పుకున్నారు. అఫ్గానిస్థాన్‌లో రేపటి పట్టు కోసం అక్కడ పోరాడే హక్కానీ వంటి తాలిబన్ వర్గాలతో సఖ్యత, పాకిస్థాన్‌పైనే తుపాకి ఎత్తిన వారితో యుద్ధం. ఈ రెండూ ఒకే కొండల్లో ఒకేసారి నడిచాయి. అక్కడివారు దీన్ని మంచి తాలిబన్, చెడ్డ తాలిబన్ అనేవారు. చెక్‌పోస్టు ముందు ఆగి తన సంచి విప్పి చూపించే మనిషి పక్క నుంచే సాయుధులు జీపులో దర్జాగా వెళ్లిపోయేవారని ఉత్తర వజీరిస్థాన్ వాసులు ఎన్నోసార్లు చెప్పుకొన్నారు.

ఇలాంటి చోట ఖర్చును బట్టి చెల్లించే పద్ధతి ప్రమాదకరం. మోహరింపు ఎంత పెద్దదైతే బిల్లు అంత పెద్దది. గొడవ సద్దుమణిగితే బిల్లు తగ్గుతుంది. పాకిస్థాన్ సైన్యం డబ్బు కోసమే యుద్ధాన్ని సాగదీసిందని నేను అనను. వేలాది మంది సైనికులు ఆ కొండల్లో ప్రాణాలు పోగొట్టుకున్నారు, వారి తల్లుల దుఃఖం ఎవరి దుఃఖానికీ తక్కువ కాదు. కానీ శాంతి నెలకొంటే రొక్కం వచ్చే ఏర్పాటు ఎక్కడా లేకపోయింది. కోర్టు పెడితే, పాత చట్టం తీసేస్తే, మలిక్‌ల ప్రాణాలు కాపాడితే డబ్బు రాలేదు.

తరువాత కొంత దిద్దుబాటు జరిగింది, దాన్ని దాచకూడదు. 2009 అక్టోబరులో కెర్రీ, లూగర్, బెర్మన్ పేర్లతో వచ్చిన చట్టం అయిదేళ్లలో 750 కోట్ల డాలర్ల పౌర సహాయానికి వీలు కల్పించింది. తిరుగుబాటును ఎదుర్కొనే శిక్షణ, పరికరాల కోసం ప్రత్యేక నిధి పెట్టారు. స్వాత్ లోయలో సైనికుల దుస్తుల్లో ఉన్నవారు బందీలను కాల్చిచంపుతున్నట్టు వీడియో బయటపడ్డాక, 2010లో కొన్ని సైనిక దళాలకు సహాయం ఆపారు. సరిహద్దు ప్రాంతంలో తయారైన సరుకుకు సుంకం లేకుండా అమెరికా బజారు తెరవాలన్న ప్రతిపాదన మాత్రం అక్కడి చట్టసభలో చివరిదాకా గట్టెక్కలేదు. కొండ మీది కుర్రవాడికి జీతం తెచ్చే ఆలోచన అదొక్కటే, అదే ఆగిపోయింది.

కొండ మనిషికి ఇచ్చిన చొక్కా

డబ్బు సరైన చోటికి చేరినప్పుడు ఎలా ఉండేదో చెప్పాలంటే ఫ్రాంటియర్ కోర్ గురించి చెప్పాలి. బ్రిటిష్ కాలం నాటి ఖైబర్ రైఫిల్స్, తోచీ స్కౌట్స్ వంటి దళాల కలయిక ఇది. జవాన్లు పష్తూన్లు, ఆ భాష వారిది, ఆ కొండ దారులు వారివి. అధికారులు మాత్రం సైన్యం నుంచి డిప్యుటేషన్‌పై వచ్చేవారు. యుద్ధం మొదలైన ఏళ్లలో ఈ జవాన్లలో చాలామంది చెప్పులతోనే కాపలా కాసేవారు, తూటాను ఆపే చొక్కా లేదు, రాత్రి చూసే పరికరం లేదు. 2008 నుంచి కొద్దిమంది అమెరికా ప్రత్యేక దళాల శిక్షకులు పెషావర్ దగ్గర వార్సక్‌లో వీరికి శిక్షణ ఇచ్చారు. చొక్కాలు, రేడియోలు వచ్చాయి. రాడార్లకు పోసిన డబ్బుతో పోలిస్తే ఇది చిన్న ఖర్చు. నా దృష్టిలో ఆ మొత్తం సైనిక సహాయంలో న్యాయమైన భాగం ఇదే.

కానీ అదే ఏడాది జూన్‌లో మొహ్మంద్ ఏజెన్సీలోని గోరా ప్రాయ్ పోస్టుపై అమెరికా విమానాల బాంబులు పడి 11 మంది ఫ్రాంటియర్ కోర్ సైనికులు చనిపోయారు. ఎవరి ఖర్చును అమెరికా తిరిగి చెల్లిస్తోందో, ఎవరికి శిక్షణ ఇవ్వబోతోందో వారే. 2011లో ఒసామా బిన్ లాదెన్‌పై అబొట్టాబాద్ దాడి తరువాత శిక్షకులను పాకిస్థాన్ పంపించేసింది. జులైలో అమెరికా 80 కోట్ల డాలర్ల సైనిక సహాయం నిలిపేసింది.

ఆ దాడికి ముందు బిన్ లాదెన్ జాడ తీయడానికి అబొట్టాబాద్‌లో అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ హెపటైటిస్ టీకా పేరుతో ఒక దొంగ కార్యక్రమం నడిపింది. ఆ సంగతి బయటపడ్డాక 2012లో వజీరిస్థాన్ తాలిబన్లు పోలియో చుక్కలను నిషేధించారు. 2014లో పాకిస్థాన్‌లో 306 పోలియో కేసులు నమోదయ్యాయి, అందులో సగానికి పైగా ఫాటా పిల్లలవే. చుక్కలు వేయడానికి వెళ్లిన ఎందరో కార్యకర్తలను కాల్చిచంపారు. ఒక్క గూఢచారి ఉపాయానికి ఆ పిల్లల కాళ్లు మూల్యంగా పోయాయని అనడానికి నేను వెనుకాడను. నిషేధం పెట్టినవారి నేరం దీనివల్ల ఏమాత్రం తగ్గదు.

రెండు జిర్గాలు

ఈ మొత్తం కథలో రెండు రోజులు నా మనసులోంచి పోవు.

మొదటిది 2008 అక్టోబరు 10. ఓరక్‌జాయ్ ఏజెన్సీలో అలీ ఖేల్ తెగవారు ఆరుబయట జిర్గా కూర్చున్నారు. తాలిబన్లను తమ నేల నుంచి వెళ్లగొట్టడానికి సొంతంగా లష్కర్, అంటే తెగ సేనను, లేపాలని తీర్మానించుకుంటున్నారు. బయటి దేశాలు ఏళ్లుగా ఏ ప్రజల కోసం వెతుకుతున్నాయో వారే ఆ రోజు అక్కడ కూర్చున్నారు. బాంబులు నింపిన వాహనంతో ఒక ఆత్మాహుతి దళ సభ్యుడు ఆ సభలోకి దూసుకొచ్చాడు. పదుల సంఖ్యలో పెద్దలు చనిపోయారు.

రెండోది 2011 మార్చి 17. ఉత్తర వజీరిస్థాన్‌లోని దత్తా ఖేల్‌లో మలిక్‌లు జిర్గా కూర్చున్నారు. క్రోమైట్ గనిపై వచ్చిన తగాదా తీర్చడం వారి పని. ఖాస్సాదార్లు కూడా అక్కడే ఉన్నారు. అమెరికా డ్రోన్ క్షిపణులు ఆ సభపై పడ్డాయి. సుమారు 40 మంది చనిపోయారు. లాహోర్‌లో ఇద్దరిని కాల్చిచంపిన సీఐఏ మనిషి రేమండ్ డేవిస్‌ను పాకిస్థాన్ విడుదల చేసిన మరునాడే ఇది జరిగింది. పాకిస్థాన్ సైన్యాధిపతి కయానీ బహిరంగంగా ఖండించారు.

ఒకదాన్ని తాలిబన్లు చేశారు, మరొకదాన్ని వారితో పోరాడుతున్న దేశం చేసింది. ఉద్దేశాలు ఒకటి కావు, ఆ తేడాను చెరపకూడదు. అయితే కోర్టు లేని నేల మీద జిర్గా ఒక్కటే పౌర సంస్థ. దానిలో కూర్చోవడమే ప్రాణాంతకమైన చోట, పెద్ద మనిషి అనేవాడు ఇంట్లోనే ఉండిపోతాడు. అప్పుడు మాట్లాడటానికి మిగిలేవారు తుపాకి ఉన్నవారే. ఎన్ని కోట్ల డాలర్లు పోసినా ఆ ఖాళీ పూడలేదు.

ఫిలిప్పీన్స్‌లో మరో దారి కనిపిస్తుంది. మిందనావో ద్వీపంలో, దాని పక్కనున్న బసిలాన్‌లో ముస్లిం జాతుల తిరుగుబాటు దశాబ్దాలుగా నడిచింది. 2002లో అమెరికా అక్కడా సైనిక సహాయంతో దిగింది. విదేశీ సైన్యం పోరాటంలో పాల్గొనడానికి ఆ దేశపు రాజ్యాంగం ఒప్పుకోదు. కాబట్టి శిక్షణ, రోడ్లు, బావుల దగ్గరే ఉండిపోయింది. చివరికి గొడవను ఓ దారికి తెచ్చింది 2014లో మోరో ఇస్లామిక్ లిబరేషన్ ఫ్రంట్‌తో జరిగిన ఒప్పందం, 2019 ప్రజాభిప్రాయంతో వచ్చిన బాంగ్సమోరో స్వయంపాలన ప్రాంతం. 2017లో మరావీ నగరం అయిదు నెలల యుద్ధంలో శిథిలమైంది కాబట్టి అక్కడా అంతా సుఖాంతం కాదు. అయినా అక్కడ అధికారం స్థానికుల చేతికి రావడం గురించి బల్ల మీద కాగితం ఉంది.

పది లక్షల మంది నడిచిన దారి

2014 జూన్ 15న ఉత్తర వజీరిస్థాన్‌లో జర్బే అజ్బ్ పేరిట పెద్ద సైనిక చర్య మొదలైంది. సుమారు పది లక్షల మంది ఇళ్లు వదిలారు. నడి ఎండల్లో పశువులను తోలుకుంటూ, పిల్లలను ఎత్తుకుని బన్నూ వైపు నడిచారు. దారిలో సైద్‌గీ చెక్‌పోస్టు వద్ద పేర్లు నమోదు చేయించుకోవాలి. కొద్ది రోజుల్లో రంజాన్ ఉపవాసాలు మొదలయ్యాయి. కొన్ని వేల కుటుంబాలు సరిహద్దు దాటి అఫ్గానిస్థాన్‌లోని ఖోస్త్‌కు వెళ్లాయి. డిసెంబరు 16న తాలిబన్లు పెషావర్‌లోని ఆర్మీ పబ్లిక్ స్కూలుపై దాడి చేసి 132 మంది విద్యార్థులను చంపారు.

ఆ చర్యతో తరువాతి కొన్నేళ్లు దాడులు బాగా తగ్గాయి. దీన్ని ఒప్పుకోవాలి. తిరిగి వచ్చినవారికి మాత్రం కూలిన ఇళ్లు, నేలలో మందుపాతరలు ఎదురయ్యాయి. వజీరిస్థాన్ మనిషి తన సొంత ఊరికి వెళ్లాలంటే వతన్ కార్డు అనే ప్రత్యేక గుర్తింపు చూపాలి. 2018 జనవరిలో కరాచీలో నఖీబుల్లా మెహ్సూద్ అనే యువకుడిని పోలీసులు బూటకపు ఎదురుకాల్పుల్లో చంపారు. దానితో మంజూర్ పష్తీన్ నాయకత్వంలో పష్తూన్ తహఫ్ఫుజ్ ఉద్యమం లేచింది. వారు అడిగినవి మందుపాతరలు తీయడం, మాయమైన మనుషులను కోర్టుల్లో హాజరుపరచడం, చెక్‌పోస్టుల వద్ద అవమానాలు ఆపడం. వతన్ కార్డు నిబంధన ఆ నిరసనల తరువాతే పోయింది. ఆయుధం లేకుండా మాట్లాడిన ఆ ఉద్యమాన్ని 2024 అక్టోబరులో ప్రభుత్వం నిషేధించింది.

అమెరికా చెల్లింపులు ఆగింది కూడా 2018లోనే. జనవరిలో ట్రంప్ ప్రభుత్వం భద్రతా సహాయాన్ని నిలిపేసింది, సెప్టెంబరులో 30 కోట్ల డాలర్ల బిల్లును రద్దు చేసింది. ఆ రెండు నిర్ణయాల మధ్య, మే నెలలో, పాకిస్థాన్ పార్లమెంటు 25వ రాజ్యాంగ సవరణతో ఫాటాను ఖైబర్ పఖ్తూన్‌ఖ్వా రాష్ట్రంలో కలిపింది. 117 ఏళ్ల నాటి సరిహద్దు చట్టం అలా పోయింది. 2019లో సుమారు 28 వేల మంది ఖాస్సాదార్లు, లెవీ సిబ్బందిని రాష్ట్ర పోలీసుల్లో కలిపారు. ఏజెన్సీలు మారి ఏర్పడిన కొత్త జిల్లాలకు దేశ ఆదాయంలో 3 శాతం వాటా ఇస్తామన్న మాటకు కొన్ని రాష్ట్రాలు ఒప్పుకోలేదు. 2021లో కాబూల్ తాలిబన్ల వశమయ్యాక తెహ్రీకే తాలిబన్ దాడులు మళ్లీ పెరిగాయి. వాటికి ఎక్కువగా గురైనవారిలో పోలీసులు ఉన్నారు. 2023 జనవరి 30న పెషావర్ పోలీస్ లైన్స్ మసీదులో జరిగిన పేలుడులో 80 మందికి పైగా చనిపోయారు, వారిలో అత్యధికులు పోలీసులు.

2019 మార్చిలో ఆ జిల్లాలకు మొదటిసారి సెషన్స్ జడ్జీలు నియమితులయ్యారు. వకీలు, వాదన, అప్పీలు అన్నీ చట్టప్రకారం వచ్చాయి. అయితే వజీరిస్థాన్‌లో కోర్టు నడపడానికి భవనాలు, భద్రత లేవన్నారు. ఉత్తర వజీరిస్థాన్ జడ్జి బన్నూలో కూర్చున్నారు, దక్షిణ వజీరిస్థాన్ జడ్జి టాంక్‌లో. మిరాన్‌షా మనిషి తన కేసు చెప్పుకోవడానికి, అయిదేళ్ల కిందట పశువులను తోలుకుంటూ నడిచి వచ్చిన ఆ సైద్‌గీ దారినే పట్టి, చెక్‌పోస్టులు దాటుకుంటూ బన్నూకు వెళ్లాల్సి వచ్చింది.